నెల్లూరు: తెలుగు ఊరు, తమిళం తెలిసిన చెవి (తరచుగా అడిగే ప్రశ్నలు)

బదిలీ మీద నెల్లూరు వస్తున్నవాళ్లు, నెల్లూరు సంబంధం ఖాయమైనవాళ్లు, పిల్లల్ని ఇక్కడి హాస్టళ్లలో వేయబోతున్నవాళ్లు తిప్పి తిప్పి అడిగే ప్రశ్నలు ఇవి. అద్దెల వివరాలు, బస్సుల టైములు ఇక్కడ దొరకవు. ఊరు ఎలాంటిదో దొరుకుతుంది.

నెల్లూరులో తమిళం మాట్లాడతారా?

మాట్లాడరు. కానీ చాలామందికి అర్థమవుతుంది, అవసరమైతే బయటికి వస్తుంది. ఇంట్లో, బజార్లో, ఆఫీసులో వినపడేదంతా తెలుగే. కొత్తగా వచ్చినవాళ్లు కొన్నాళ్లు చూసి "ఏది, తమిళం ఎక్కడ?" అని అడుగుతుంటారు.

స్టోన్‌హౌస్‌పేటలో ఏదైనా బియ్యం కొట్టులో పొద్దున పదకొండు గంటలప్పుడు కూర్చోండి, కనపడుతుంది. షావుకారు గుమాస్తాకి తెలుగులో లెక్క చెబుతుంటాడు. ఫోను మోగుతుంది. "సొల్లుంగ సార్" అంటాడు. అవతల చెన్నై పక్కన రెడ్‌హిల్స్‌లోని బియ్యం మండీ. "లోడు రాత్రిక్కు వందుడుం" అని మాటిచ్చి, ఫోను ఇంకా జేబులో పెట్టకుండానే హమాలీ వైపు తిరిగి "ఏంది సామీ, ఇంకా తాడు బిగించలా?" అంటాడు. రెండు భాషల మధ్య ఊపిరి కూడా తీసుకోడు. ఆ తమిళం ఆయన ఏ బళ్లోనూ నేర్చుకోలేదు. తమిళంలో మీ పేరు రాయండి అంటే నవ్వేస్తాడు.

లారీ డ్రైవర్లు, రొయ్యల కొనుగోలుదారులు, బంగారం పనివాళ్లు, మందుల ఏజెంట్లు, అందరిదీ ఇదే పద్ధతి. పనికొచ్చేంత వచ్చు, అంతకు మించి అక్కర్లేదు. నా ఉద్దేశంలో నెల్లూరు రెండు భాషల ఊరు అనే మాటకి అర్థం ఇదే. ఇక్కడ రెండు జనాలు పక్కపక్కన కాపురం ఉండటం తక్కువ. ఉన్న ఒకే జనం దక్షిణం వైపు తిరిగి చేసే బేరం ఎక్కువ.

అయితే ఊళ్లో రెండో భాష తమిళమేనా?

ఇంట్లో మాట్లాడేవాళ్ల లెక్క తీసుకుంటే కాదు, ఉర్దూ. తెలుగు తర్వాత ఊళ్లో ఎక్కువ ఇళ్లలో వినపడేది అదే. ఇది బయటివాళ్లకే కాదు, నెల్లూరులో పుట్టి పెరిగిన కొందరికి కూడా తట్టదు. కోటమిట్ట వైపు ఒక సాయంత్రం నడిస్తే సరిపోతుంది. బిర్యానీ బేరం ఉర్దూలో మొదలై తెలుగులో ముగుస్తుంది, లేదా అటుది ఇటు.

దీనికి పాత కారణం ఉంది. ఈ ప్రాంతం ఆర్కాటు నవాబుల ఏలుబడిలో ఉండేది, 1801లో ఈస్టిండియా కంపెనీ చేతికి వచ్చింది. నవాబుల కాలం నాటి కుటుంబాలు, దర్గాలు, వీధుల పేర్లు మిగిలాయి. ఇక్కడి ముస్లింలు తెలుగు మాట్లాడితే ఇంటి భాష వేరే ఉందని పోల్చుకోవడం కష్టం. అంత నెల్లూరు తెలుగు.

మద్రాసుతో నెల్లూరుకి ఇంత చుట్టరికం ఎందుకు?

మొదటి కారణం దూరం. చెన్నై ఇక్కడికి సుమారు 175 కిలోమీటర్లు. విజయవాడ 270 దాటుతుంది. రైలెక్కితే మూడు గంటల లోపే చెన్నై సెంట్రల్. పొద్దున పోయి, పని చూసుకుని, రాత్రి భోజనానికి ఇంటికి రావచ్చు. రాష్ట్ర సరిహద్దు ఉన్నది కాగితం మీద, టోల్‌గేటు దగ్గర.

రెండోది, చాలా కాలం పాటు రాజధాని అదే. 1953 అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చేదాకా హైకోర్టు, సెక్రటేరియట్, పెద్ద కాలేజీలు, పెద్దాసుపత్రి అన్నీ మద్రాసులోనే. రైలు రాకముందు బకింగ్‌హామ్ కాలవ మీద పడవల్లో ఇక్కడి తీరం నుంచి కట్టెలు, ఉప్పు, ధాన్యం అటే పోయేవి.

ఇందులో ఒక విచిత్రం ఉంది. ఆ రాష్ట్రం కోసం ప్రాణం ఇచ్చిన పొట్టి శ్రీరాములు పూర్వీకులది అప్పటి నెల్లూరు జిల్లాలోని పడమటిపల్లె. ఆయన పుట్టిందీ, 1952 అక్టోబర్ 19న దీక్ష మొదలుపెట్టి డిసెంబర్ 15న కన్నుమూసిందీ మద్రాసులో. అంతకు ముందు 1946లో ఆయన నెల్లూరు మూలాపేట వేణుగోపాలస్వామి గుళ్లోకి హరిజనుల్ని రానివ్వాలని నిరాహార దీక్ష చేశారు. ఈ సంగతి ఎక్కువమంది చెప్పుకోరు, చెప్పుకోవాలి. 2008 నుంచి జిల్లాకి ఆయన పేరే. మద్రాసు మనకి దక్కలేదనే బాధ పాత తరం నెల్లూరోళ్లలో ఉండేది. కొత్త తరానికి ఆ బాధ లేదు, వాళ్లకి అక్కడ ఉద్యోగాలున్నాయి.

పెద్దవాళ్లు ఇప్పటికీ చెన్నై అనరు, మద్రాసే. ఊళ్లో మద్రాసు బస్టాండ్ అన్న పేరు కూడా అలాగే నిలిచిపోయింది.

అంతా మద్రాసు మీదే ఆధారపడతారా? అటు నుంచి ఇటు రావడమే తప్ప ఇటు నుంచి పోయేది లేదా?

ఈ ప్రశ్న నెల్లూరోడిని అడిగితే కొంచెం కోపం వస్తుంది. చెన్నైలో కొళాయి తిప్పితే వచ్చే నీళ్లలో కొంత మా కండలేరుదే. తెలుగుగంగ ఒప్పందం ప్రకారం శ్రీశైలం దగ్గర బయల్దేరిన కృష్ణా నీళ్లు సోమశిల, కండలేరు జలాశయాల మీదుగా కాలవలో చెన్నైకి నీళ్లిచ్చే పూండి జలాశయం చేరతాయి. 1983లో ఒప్పందం కుదిరింది, 1996లో నీళ్లు తమిళనాడు గడప తొక్కాయి. ఎండాకాలం చెన్నై పేపర్లలో కండలేరు పేరు రాని వారం ఉండదు.

ఇక బియ్యం సంగతి పైన చెప్పాను. చేపలు, రొయ్యలు కూడా అంతే. కృష్ణపట్నం ఓడరేవు 2008లో మొదలయ్యాక సరుకు దారి కొంత మారింది. అంతకుముందు ఎగుమతి అంటే చెన్నై హార్బరే గతి.

నెల్లూరు యాస అంటే ఏమిటి? గుంటూరు వాళ్లకి అర్థమవుతుందా?

అర్థమవుతుంది, కాకపోతే మొదట్లో నవ్వుతారు. "వచ్చాడు" అనాల్సిన చోట "వచ్చుండాడు", "ఏం చేస్తున్నావు" బదులు "ఏం చేస్తా ఉండావు". ఎట్టా, అట్టా, యాడ, ఈడ. పిల్లలు కాదు, పిలకాయలు. ఒకసారి కాదు, ఒకతూరి. కూరగాయల అంగడికి పోయి ఉల్లిపాయలు అడగొచ్చు, ఇస్తారు. కానీ పక్కన నిలబడ్డ ఆమె అడిగేది ఎర్రగడ్డలు. బంగాళాదుంప ఉర్లగడ్డ, కొబ్బరికాయ టెంకాయ. తమిళం వాసన కొన్నిట్లో స్పష్టంగా తెలుస్తుంది. కొన్ని చిత్తూరు, కడప వైపు కూడా ఉన్నవే. ఏది ఎక్కడి నుంచి వచ్చిందని పట్టుబట్టి తేల్చేవాళ్లని చూస్తే నాకు ఓపిక ఉండదు. పక్కపక్క ఊళ్లు, వెయ్యేళ్ల రాకపోకలు.

అన్నట్టు, మాటలో మర్యాద ఎక్కువ. తెలియని మగాళ్లని అన్నా అని, ఆడవాళ్లని అక్కా అని, వయసు మీరినవాళ్లని పెద్దాయనా, పెద్దమ్మా అని పిలవండి. సార్, మేడం ఆఫీసుల్లో చెల్లుతాయి. ఆటో దగ్గర "సామీ" అంటే పని తొందరగా అవుతుంది.

రెండు భాషల కలయిక పాతదేనా, ఈ మధ్యదా?

పాతదే. 13వ శతాబ్దంలో నెల్లూరు, అప్పటి విక్రమసింహపురి, తెలుగు చోడుల రాజధాని. వాళ్లు కంచి దాకా ఏలిన రోజులున్నాయి. నెల్లూరు, గూడూరు వైపు గుళ్లలో చోళుల కాలం నాటి తమిళ శాసనాలు కనిపిస్తాయి. ఈ జిల్లా శాసనాలన్నీ పోగుచేసి 1905లో బటర్‌వర్త్, వేణుగోపాల్ చెట్టి మూడు సంపుటాలుగా అచ్చువేశారు. తెలుగు, తమిళం, సంస్కృతం పక్కపక్కనే కనపడతాయి.

అదే కొలువులో మనుమసిద్ధికి మంత్రిగా ఉన్న తిక్కన విరాటపర్వం నుంచి పదిహేను పర్వాలు తెలుగు చేశాడు. గుళ్లో రాతి మీద తమిళం చెక్కుతున్న రోజుల్లో, ఆ చుట్టుపక్కలే జానుతెనుగులో భారతం నడిచింది. పెన్న ఒడ్డున రంగనాయకుల గుడి దగ్గరకి వెళ్తే తిక్కన ఇక్కడే కూర్చుని రాశాడని చెబుతారు. పక్క భాష దగ్గరగా ఉంటే సొంత భాష పలుచబడుతుందని భయపడేవాళ్లకి నేను తిక్కననే చూపిస్తాను.

తిండి ఎలా ఉంటుంది?

కారంగా, పుల్లగా. కొత్తవాళ్లు మజ్జిగ దగ్గర పెట్టుకోండి.

నెల్లూరు చేపల పులుసు పేరు వినే ఉంటారు. హోటల్లో తిని ఇదేనా అనుకోకండి, అది ఇంట్లో తినాల్సింది. చింతపండు రసం, పుల్ల మామిడికాయ ముక్కలు, వేయించి కొట్టిన మెంతులు, ఆవాలు, జీలకర్ర పొడి. మట్టి చట్టిలో పులుసు తెర్లుతున్నప్పుడు చేప ముక్కలు వేస్తారు. ఆ తర్వాత గరిటె పెట్టడం నిషేధం. చట్టిని రెండు చేతులతో పట్టుకుని అటూ ఇటూ తిప్పాలి, లేకపోతే ముక్క విరుగుతుంది. దించాక కూడా వెంటనే తినరు. రాత్రి వండి పొద్దున తింటే ముక్కకి పులుసు పడుతుంది. కొరమీను బాగుంటుంది, బొమ్మిడాయిలు ఇంకా బాగుంటాయి. కాలం కాని కాలంలో మామిడికాయ దొరక్కపోతే వండటం మానేసే ఇల్లాళ్లు ఉన్నారు. నేను వాళ్ల పక్షం.

పొద్దున ఎర్రకారం పూసిన దోశ, సాయంత్రం బండి దగ్గర పులిబొంగరాలు. తీపిలో మలై కాజా. కాఫీ విషయంలో మాత్రం ఊరు పూర్తిగా మద్రాసు వైపే, ఫిల్టర్ కాఫీ మంచిది ఎక్కడ దొరుకుతుందనే దాని మీద తగాదాలు పడతారు.

పుట్టి అంటే ఎంత? అందరూ పుట్లలో మాట్లాడతారేంటి?

నెల్లూరులో ధాన్యం పుట్టి అంటే 850 కిలోలు. మిగతా చోట్ల బస్తాలో, క్వింటాలో అంటారు. ఇక్కడ "ఎకరాకి మూడు పుట్లా, నాలుగా?" అని అడుగుతారు. ధర చెప్పినా పుట్టికే చెబుతారు. వడ్లు అమ్ముకునే రైతు కుటుంబంలో అడుగుపెడుతుంటే ఈ ఒక్క లెక్క నేర్చుకుని పొండి, మామగారు సంతోషిస్తారు.

మొలగొలుకులు అనే పాత రకం నెల్లూరు పేరు నిలబెట్టింది. ఇప్పుడు పొలాల్లో ఎక్కువ ఉండేవి నెల్లూరు వ్యవసాయ పరిశోధన కేంద్రం 1937 నుంచి చేస్తున్న పని వల్ల వచ్చిన రకాలు. ఎన్‌ఎల్‌ఆర్ 34449ని నెల్లూరు మసూరి అంటారు. ఎండాకాలంలో వేసే రెండో పంటని ఎడగారు అంటారు. సోమశిలలో నీళ్లుంటేనే ఎడగారు. జలాశయంలో ఎన్ని టీఎంసీలు ఉన్నాయో ఇక్కడ టీ కొట్టు ఆసామికి కూడా తెలుసు.

వానలు ఎప్పుడు?

మద్రాసుతో పాటే. హైదరాబాదు నుంచి వచ్చినవాళ్లు జూన్‌లో గొడుగు కొని మోసపోతారు. ఇక్కడ అసలు వాన అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా, ఈశాన్య రుతుపవనాలతో, తుపాన్లతో. మేలో ఎండ గురించి చెప్పకపోవడమే మంచిది.

2021 నవంబర్‌లో పెన్నకి వచ్చిన వరదకి పడుగుపాడు దగ్గర రైలు కట్ట కొట్టుకుపోయింది, హైవే తెగింది. విజయవాడ, చెన్నైల మధ్య దారి మూసుకుపోయింది. మరుసటి ఏడాది సెప్టెంబర్‌లో సంగం, నెల్లూరు బ్యారేజీలు రెండూ ఒకే రోజున ప్రారంభమయ్యాయి.

ఏ పేటలో ఇల్లు తీసుకోవాలి?

ముందు ఒక సంగతి. రైలు పట్టా ఊరిని నిలువునా రెండుగా కోస్తుంది. ఆత్మకూరు బస్టాండ్, విజయమహల్ గేటు, మాగుంట లేఔట్ దగ్గర అండర్‌బ్రిడ్జిలు ఉన్నాయి. గట్టి వాన పడితే వాటిలో నీళ్లు నిలబడతాయి, అప్పుడు ఊరు నిజంగానే రెండవుతుంది. కాబట్టి ఇల్లు, ఆఫీసు, పిల్లల బడి పట్టాకి ఒకే వైపు ఉండేట్టు చూసుకోండి. మిగతావన్నీ తర్వాత.

మాగుంట లేఔట్ ఖరీదు. బాలాజీ నగర్, హరనాథపురం మధ్యతరగతికి బాగుంటాయి. వేదాయపాలేనికి సొంత రైల్వే స్టేషను కూడా ఉంది. మూలాపేట, రంగనాయకులపేట పాత ఊరు, ఇరుకు వీధులు, పొద్దున్నే గుడి గంటలు. చిన్న బజారు దగ్గర బైక్ పెట్టడానికి చోటు వెతుక్కోవడమే ఒక ఉద్యోగం.

జబ్బు చేస్తే మద్రాసు పోవాలా?

ప్రతిదానికీ అక్కర్లేదు. పొగతోటలో అడుగడుగునా ఆసుపత్రే, వీధి పొడవునా మందుల వాసన. కానీ డాక్టరు "ఒకతూరి మద్రాసులో చూపించుకోండి" అనగానే ఇంట్లో టెన్షన్ మొదలవుతుంది. ఆ మాటకి అర్థం ఇక్కడ అందరికీ తెలుసు.

అప్పుడే తెలుస్తుంది తమిళం విలువ. చెన్నై పెద్దాసుపత్రుల్లో తెలుగు తెలిసినవాళ్లు ఉంటారు, అడ్మిషన్ కౌంటర్ దాకా ఇబ్బంది లేదు. రాత్రి వార్డులో ఆయమ్మతో మాట్లాడాలంటే, క్యాంటీన్‌లో పథ్యం కూడు చెప్పించుకోవాలంటే నాలుగు తమిళం ముక్కలు కావాలి. అందుకే ప్రతి పెద్ద కుటుంబంలోనూ ఒక బాబాయో, మేనమామో ఉంటాడు. బంధువుల్లో ఎవరికి ఆపరేషన్ అన్నా ఆయన సంచి సర్దుకుని బయల్దేరతాడు. ఆయనకి తమిళం వచ్చు, అదే ఆయన హోదా.

రొట్టెల పండుగ ఏమిటి? ఎవరైనా వెళ్లొచ్చా?

ఎవరైనా వెళ్లొచ్చు, వెళ్లాలి కూడా. మొహర్రం రోజుల్లో దర్గామిట్ట దగ్గర బారాషహీద్ దర్గా పక్కన స్వర్ణాల చెరువులో జరుగుతుంది. పన్నెండుమంది వీరుల సమాధులు ఆ దర్గాలో ఉన్నాయి.

నీళ్లలో మోకాలు లోతుకి దిగి నిలబడతారు. కోరిక ఉన్నవాళ్లు అడుగుతారు, ఆ కోరిక తీరినవాళ్లు ఇస్తారు. "ఉద్యోగం రొట్టె ఎవరి దగ్గరుంది?" "పెళ్లి రొట్టె, పెళ్లి రొట్టె!" "సంతానం రొట్టె తీసుకోమ్మా." ఇల్లు రొట్టె, చదువు రొట్టె, ఇప్పుడు వీసా రొట్టె కూడా. తీసుకున్నది తల మీద కొంగు కప్పుకుని అక్కడే తింటారు. కోరిక తీరితే మళ్లీ వచ్చి అదే రొట్టె ఇంకొకరికి ఇవ్వాలి. తమిళనాడు, కర్ణాటకల నుంచి కూడా బస్సులు కట్టుకుని వస్తారు. అక్కడ నిలబడితే తెలుగు, ఉర్దూ, తమిళం, కన్నడం నాలుగూ ఒకేసారి వినపడతాయి. ఊరి లక్షణం ఒక్కచోట చూడాలంటే నేను చూపించేది ఈ చెరువు. ముందు రోజు రాత్రే వెళ్తే జనం కొంచెం తక్కువ.

సినిమా పిచ్చి ఎక్కువంటారు, నిజమేనా?

నిజమే. తమిళ హీరోలకి కూడా ఇక్కడ సొంత ఊళ్లో ఉన్నంత మంది అభిమానులున్నారు. 2019లో సూళ్లూరుపేటలో పెద్ద తెర థియేటర్ తెరిచాక చెన్నై కుర్రాళ్లు సినిమా కోసం సరిహద్దు దాటి ఇటు రావడం మొదలుపెట్టారు. రెండు భాషల్లోనూ తనవాడే అనిపించుకున్న గాయకుడు ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం నెల్లూరు తిప్పరాజువారి వీధిలోని తన ఇంటిని 2020లో వేదపాఠశాల కోసం కంచి మఠానికి ఇచ్చేశారు.

ఒంగోలు కూడా ఇలాగే ఉంటుందా?

ఉండదు. ఒంగోలు చూపు గుంటూరు, విజయవాడల వైపు. ఒంగోలు దాటి దక్షిణానికి వస్తున్నకొద్దీ మాట మారుతుంది, ఎట్టా అనే మాట చిక్కబడుతుంది. 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడేదాకా కందుకూరు, కనిగిరి, పొదిలి నెల్లూరు జిల్లాలోనే ఉండేవి, కాబట్టి అక్కడ చుట్టరికాలు ఇప్పటికీ రెండు వైపులా ఉన్నాయి.

ఒంగోలు మిత్రులతో వాదనకి పనికొచ్చే సంగతి ఒకటి: బ్రెజిల్‌లో ఒంగోలు జాతి పశువుల్ని "నెలోర్" అంటారు. ఎద్దులు ఓడెక్కడం మొదలైన 19వ శతాబ్దంలో ఒంగోలు నెల్లూరు జిల్లాలో ఉండేది, ఆ పేరే అక్కడ స్థిరపడింది. ఎద్దు వాళ్లది, పేరు మాది.

సూళ్లూరుపేట, నాయుడుపేట నెల్లూరు జిల్లాయే కదా?

2022 విభజనలో తిరుపతి జిల్లాకి వెళ్లాయి. పెళ్లి సంబంధాలు, పంట అమ్మకాలు ఎక్కడికీ వెళ్లలేదు.

నెల్లూరు వస్తున్నాను, తమిళం నేర్చుకోవాలా?

ఊళ్లో బతకడానికి అక్కర్లేదు. వ్యాపారం చేయబోతుంటే నేర్చుకోండి, అంకెల నుంచి మొదలుపెట్టండి. ధర అర్థమైతే సగం తమిళం వచ్చినట్టే. చెన్నైకి బస్సులో పోయేట్టయితే ఆంధ్రా బస్సులు ఆగేది మాధవరం బస్ టెర్మినల్‌లో, కోయంబేడు అనుకుని దిగకుండా కూర్చోవద్దు. రైల్లో అయితే సూళ్లూరుపేట దాకా పోయి, అక్కడి నుంచి చెన్నై లోకల్ ఎక్కొచ్చు. చవక, కాకపోతే ఆఫీసు టైములో సీటు దొరకదు.